ఉంగరం పోయిన ఏడో ఇన్నింగ్స్

సొమ్ము పోయినవాడు ఏడుస్తాడు, లేదా ఎవర్నో ఒకర్ని తిడతాడు. ఎలాదియో మొంతాస్ రెండూ చెయ్యలేదు. సోఫా అంచున కూర్చుని, మోకాలి మీద పెట్టుకున్న తన ఎడమచేతికేసి చూసుకుంటున్నాడు. పదమూడేళ్ళపాటు అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగులో బంతులు విసిరి, కోట్లు గడించిన చెయ్యి అది. ఆ చేతి పేరే అతని పేరై కూర్చుంది. సొంత ఊరు శాన్ పెద్రోలో చిన్నాపెద్దా అందరికీ అతను ‘సుర్దో’, అంటే పుర్రచేతివాడు.

నెరేదా పెగేరోకి అతని తీరు నచ్చలేదు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దొంగతనాల నిజానిజాలు తేల్చడం ఆవిడ పని. ఆ పనిలో జుట్టు నెరిసింది. పోయినదానికి రెండింతలు చెప్పేవాళ్ళని చూసింది, పోనిదాన్ని పోయిందనేవాళ్ళని చూసింది. పోయినదాని ఊసెత్తితే తల దించుకునేవాణ్ణి మాత్రం ఇదే చూడటం.

“పరిహారం కావాలని అడిగింది మీరేనా?”

“కాదు. మా ఆవిడ.”

“మీరెందుకు అడగలేదు?”

“పోనిద్దురూ. ఉంగరమేగా.”

ఉంగరమేగా! ప్రపంచ ఛాంపియన్లైన జట్టులో ఆటగాళ్ళకి మాత్రమే ఇచ్చే, రవ్వలు పొదిగిన బంగారపు ఉంగరం. ఈ ఊళ్ళో ఏ పసివాడైనా దాన్ని ఒకసారి చూసొస్తే గానీ బాప్తిజం పూర్తయినట్టు లెక్క కాదు. చెరకు కూలీల పాకల్లోంచి ఒకడు ఎంత ఎత్తుకి వెళ్ళగలడో దాన్ని చూపించే చెబుతారు. ఆదివారం సాయంత్రం, ఊరంతా స్టేడియంలో ఫైనల్ చూస్తున్న వేళ, అది ఈ ఇంట్లోని అద్దాల పెట్టెలోంచి మాయమైంది. అడ్డొచ్చిన కాపలాదారు లిబోరియో తలకి దెబ్బ తగిలి, అప్పట్నుంచీ ఆస్పత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు.

“ఈలోపే ఈ పాడు దొంగతనం జరగాలా డోన్యా, అమ్మగారూ!” అంది ఎలాదియో భార్య యుబెర్కీస్, కాఫీ కప్పులు బల్ల మీద పెడుతూ. “వచ్చే నెల రాజధానిలో మ్యూజియం వాళ్ళు దాన్ని పెద్ద గాజు పెట్టెలో పెడతామన్నారు. ముందుగా కంసాలిని పంపి, రాళ్ళవీ సరిచూసి, మెరుగు పెట్టిస్తామన్నారు కూడా.”

ఎలాదియో పెళ్ళాం వైపు చురుగ్గా చూశాడు. నెరేదా కాఫీ ఒక గుక్క తాగి ఇద్దర్నీ చూసింది.

“ఫెర్మిన్ ఒప్పుకున్నాడట. దొంగతనం తనే చేశానని, లిబోరియోని తనే కొట్టానని.”

“అలాగే అన్నారు.”

“మీరు నమ్ముతున్నారా?”

“ఒప్పుకున్నాడుగా.”

“ఒప్పుకున్నాడా అని అడగలేదు. మీరు నమ్ముతున్నారా అని అడిగాను.”

ఎలాదియో తన కాఫీ కప్పుని ఎడమచేత్తో పక్కకి జరిపాడు. ఫెర్మిన్, ఎలాదియో ఒకే పాకల వరసలో పుట్టారు. చిరిగిన గుడ్డలు చుట్టి చేసిన బంతిని ఎలాదియో విసిరేవాడు, ఫెర్మిన్ పట్టేవాడు. అమెరికావాళ్ళొచ్చి విసిరేవాణ్ణి పట్టుకెళ్ళారు. పట్టేవాడు పద్దెనిమిదేళ్ళకే భుజం పోయి ఇక్కడే ఉండిపోయాడు. ఎలాదియో ఆట మానేసి వచ్చాక, వెనకవైపు గది ఇచ్చి ఫెర్మిన్‌ని ఇంట్లో పెట్టుకున్నాడు. సుర్దో పెట్టే తిండి తింటున్నాడని ఊరు ఫెర్మిన్‌ని చాటుగా ఎగతాళి చేస్తుంది. ఇప్పుడు తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని ఎదురుగానే తిడుతోంది.

“సరే. ఏడో ఇన్నింగ్స్‌లో మీరెక్కడున్నారు?”

ఫైనల్ రోజున ఆ ఊళ్ళో గడియారం ఎవరూ చూడరు, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటే గడియారం. పురిటినొప్పులు మూడో ఇన్నింగ్స్‌లో మొదలవుతాయి, పాలు ఐదో ఇన్నింగ్స్‌లో పొంగుతాయి. ఇంటింటా రేడియో మోగుతూనే ఉంటుంది. బంతి గోడ దాటింది, హోమ్ రన్ అంటూ రేడియోలన్నీ అరిచినప్పుడే ఈ ఇంట్లో అద్దం పగిలిన చప్పుడు వినబడిందని పక్కింటావిడ చెప్పింది. అంటే ఏడో ఇన్నింగ్స్.

“స్టేడియంలోనే ఉన్నాను. మొదటి బంతి నాచేతే వేయించారు. ఊరంతా చూసింది.”

“మొదటి బంతి చూసింది. నేను ఏడో ఇన్నింగ్స్ అడుగుతున్నాను.”

“ఉన్నానంటున్నాగా! మనవాడు హోమ్ రన్ కొట్టింది అప్పుడేగా. దీపస్తంభం మీదుగా, ఎవరికీ అందనంత ఎత్తున, నింగిని చీల్చుకుంటూ పోయింది బంతి.”

“చూశారా?”

“చూడకేం?”

నెరేదా తల ఊపింది గానీ, ఆ మాట ఆవిడకి పంటి కింద రాయిలా తగిలింది. ఆవిడ తండ్రి అంపైరు. చిన్నప్పట్నుంచీ ఇంటినిండా ఆటగాళ్ళే. బంతి విసిరేవాడెవడూ హోమ్ రన్ గురించి ఇలా మాట్లాడడు. ‘ఆ వెధవ ఛాతీ ఎత్తులో వేశాడు, కొట్టించుకున్నాడు’ అంటాడు. నింగిని చీల్చేది రేడియోవాడే.

*

అదే ఇంట్లో, పతకాల గదిలో కెప్టెన్ కువేవాస్ అప్పటికే గోడకి ఆనుకుని నారింజపండు ఒలుచుకుంటున్నాడు. శాన్ పెద్రో పోలీసు కెప్టెన్. ముప్ఫై ఏళ్ళుగా ఊరి జట్టు ఆట ఒక్కటి కూడా వదలనివాడు. కేసులైతే కొన్ని వదిలాడు.

“రండి రండి డోన్యా నెరేదా. రాజధాని నుంచి శ్రమపడి వచ్చారు. పాపం, కేసు అయిపోయింది.”

“అయిపోయిన కేసు దగ్గర మీరేం చేస్తున్నారు కెప్టెన్?”

“మిమ్మల్ని చూసి పోదామని. మధ్యాహ్నం ఫెర్మిన్‌ని జడ్జి ముందు పెడుతున్నాను. ఒప్పుకోలు ఉంది, ఇంకేం కావాలి? ఆయన ఎన్నేళ్ళంటే అన్నేళ్ళు.”

నెరేదా అద్దాల పెట్టె ముందు వంగింది. పగిలిన గాజు ఊడ్చేశారు. లోపల తెల్లటి శాటిన్ గుడ్డ మధ్యలో ఉంగరం కూర్చునే గుంట. ఆ గుంట చుట్టూ పల్చగా, గుండ్రంగా ఆకుపచ్చ మరక. వేలితో తడిమి వాసన చూసింది. సముద్రపు గాలికి ఇత్తడి చిలుము పట్టి గుడ్డకి దిగితే వచ్చే రంగది. బంగారానికి చిలుము పట్టదు.

“కెప్టెన్, ఇది చూశారా?”

“బూజు.”

“ఆకుపచ్చ బూజు, గుండ్రంగా, ఉంగరం కొలతకి సరిపోయేట్టు పడుతుందా?”

కువేవాస్ ఒక నారింజ తొన నోట్లో వేసుకున్నాడు. “పట్టకపోవడానికేముంది? ఈ ఊళ్ళో అన్నిటికీ పడుతుంది.”

పైన పటారం, లోన లొటారం అనుకుంది నెరేదా. ఈ గదిలో ఎన్నాళ్ళుగానో ఉన్నది ఇత్తడి ఉంగరమే. అసలుది ఎప్పుడో గడప దాటింది. వచ్చే నెల కంసాలి వచ్చి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి ఉంటే, ఆ మాట ఆ రోజే ఊరంతా తెలిసిపోయేది. ఉంగరం పోవాల్సిన అవసరం ఎవరికుంది? ఫెర్మిన్‌కి మాత్రం లేదు.

పక్కనే చిన్న చెక్క పీటలు ఐదు వరసగా ఉన్నాయి. ఎలాదియో గెలిపించిన ఆటల్లోంచి దాచుకున్న బంతులకి అవి ఆసనాలు. నాలుగింటి మీద బంతులున్నాయి. ఒకటి ఖాళీ.

“దొంగ ఒక్క బంతే పట్టుకెళ్ళాడేం?”

“చేతికి దొరికింది, పట్టుకెళ్ళాడు. డోన్యా, మీరు బంతులు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి, మీ నాన్న కూడా అంతే. బంతులు లెక్కపెడుతూ ఆ రోజుల్లో ఒక ఫైనల్లో మా కొంప ముంచాడు. గీతకి ఇవతల పడ్డ బంతిని అవతల పడిందన్నాడు. ఆ కళ్ళే మీకూ వచ్చినట్టున్నాయి.”

“వచ్చాయి. అందుకే అడుగుతున్నా. లిబోరియో దెబ్బ ఫోటో ఉందా?”

కువేవాస్ విసుగ్గా ఫోను తీసి చూపించాడు. ముసలి లిబోరియో కణత మీద గుండ్రంగా కమిలిన మచ్చ. నెరేదా వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. మచ్చలో వంపు తిరిగిన గీత, గీతకి అటూ ఇటూ చీమకాళ్ళలా సన్నటి గాట్లు. బేస్‌బాల్ బంతికి తోలు కలిపి కుట్టిన ఎర్రదారపు కుట్లు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉన్నాయి.

“దేంతో కొట్టానన్నాడు ఫెర్మిన్?”

“బ్యాటుతో.”

“బ్యాటుకి కుట్లుంటాయా కెప్టెన్?”

నారింజ తొన నోటిదాకా వెళ్ళి ఆగింది. మరుక్షణమే లోపలికి వెళ్ళింది. “ఆస్పత్రిలో కట్టిన గుడ్డ అచ్చు అయ్యుంటుంది.”

నెరేదా కిటికీ దగ్గరికి వెళ్ళి పెరట్లోకి చూసింది. లిబోరియో పడి ఉన్నది నీళ్ళ ట్యాంకు పక్కన. అడుగులు వేసి కొలవాల్సిన పనిలేదు. బంతి విసిరేవాడి దిబ్బకీ పట్టేవాడి గ్లవ్‌కీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ కిటికీకీ ఆ ట్యాంకుకీ మధ్య అంతే ఉంది. లిబోరియో ఆ సమయానికి అక్కడ ఉండాల్సినవాడు కూడా కాదు. ఎలాదియోయే టికెట్టు కొనిచ్చి ఆటకి పంపాడు. లిబోరియో దాన్ని స్టేడియం గేటు దగ్గర ఎవరికో అమ్ముకుని, రేడియోలో వింటే చాలనుకుని తిరిగొచ్చాడని పక్కింటావిడే చెప్పింది.

“పోనీ ఒకటి చెప్పండి,” అంది నెరేదా గొంతు తగ్గించి. “ఆ హోమ్ రన్ మీరు చూశారా? నాకు చూసే భాగ్యం లేకపోయింది.”

కువేవాస్ మొహం వెలిగిపోయింది. పగ కూడా మర్చిపోయాడు. “చూడటమా! గోడ పక్కనే ఉన్నాను. అసలది అవుటే డోన్యా. ఎడమవైపు కాస్తున్న అవతలి జట్టు కుర్రాడు గోడ మీదకెగిరి గ్లవ్‌లో పట్టేశాడు కూడా. పట్టాక బంతి గ్లవ్‌లోంచి జారి గోడ అవతల పడింది. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. రేడియో గాడిద మాత్రం దీపస్తంభం మీదుగా పోయిందని అరిచాడు. నాలుక్కరుచుకుని, రెండు నిమిషాలాగి సర్దుకున్నాడులెండి.”

“సర్దుకున్నాడా?”

“మరి! చివరిదాకా విన్నవాళ్ళకి ఎవరికైనా తెలుసు.”

స్టేడియంలో ఉన్నవాడు గ్లవ్‌లోంచి జారిందంటాడు. రేడియో చివరిదాకా విన్నవాడూ అదే అంటాడు. దీపస్తంభం మీదుగా పోయిందనేవాడు, ఆ కేక విన్న వెంటనే ఇక ఏ రేడియోకీ చెవి ఒగ్గకుండా పరిగెత్తినవాడై ఉండాలి. ఆ మాట నెరేదా పైకి అనలేదు. కువేవాస్ ఎంత మూర్ఖుడో అంత అభిమాని. సుర్దో మీద ఈగ వాలిందంటే ఈగని అరెస్టు చేస్తాడు.

*

గేటు దగ్గర యుబెర్కీస్ పరుగులాంటి నడకతో వచ్చి ఆవిణ్ణి ఆపింది.

“డోన్యా, ఆ డబ్బెప్పుడొస్తుంది?”

“ఫెర్మిన్ జైలుకెళ్ళాక.”

యుబెర్కీస్ మొహం వాడిపోయింది. పమిట లేని భుజాలు దగ్గరగా ముడుచుకుంది. “ఇంకో దారి లేదా? వాడు... వాడలాంటివాడు కాదు.”

“మరి పోలీసులకి ఆ ముక్క చెప్పలేదేం? మీ ఇంట్లో పడి తింటున్నాడని ఊరంతా అనుకుంటోంది, విశ్వాసం లేదంటోంది.”

“ఊరికేం తెలుసు?” అంది యుబెర్కీస్. అని చుట్టూ చూసింది. వీధి ఆ చివర ఒక కారు వెళ్ళేదాకా ఆగింది. “కార్ల దుకాణం పోయింది. పిల్లలకి ఆట నేర్పే అకాడమీ పోయింది. అన్నా అంటూ చేతులు చాపినవాడికల్లా ఇచ్చాడు, మిగిలింది నమ్మినవాళ్ళు తిన్నారు. రెండేళ్ళుగా ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది ఫెర్మిన్ కోడి వేపుడు బండి మీద. వంటమనిషిని మానిపించాం. పొద్దుపోయాక వాడు పెరటి గుమ్మంలోంచి పొట్లాలు తెచ్చిస్తాడు, ఎవరూ చూడకుండా. ఆ కాఫీ పొడి కూడా వాడు తెచ్చిందే.”

తలుపు చాటున నిలబడి ఎవరి బతుకునో చూసినట్టు నెరేదాకి సిగ్గేసింది. అయినా అడక్క తప్పలేదు.

“అసలు ఉంగరం సంగతి మీకు తెలుసని మీ ఆయనకి తెలుసా?”

“అసలు ఉంగరమా?” అంది యుబెర్కీస్, అర్థం కానట్టు.

ఆవిడకి తెలియదు. పెళ్ళానికి కూడా చెప్పుకోలేక, ఇత్తడి ముక్కకి తెల్ల శాటిన్ పరిచాడన్నమాట.

“మీ ఆయన్ని స్టేషన్‌కి పంపండి,” అంది నెరేదా. “జడ్జి దగ్గరికి తీసుకెళ్ళేలోగా ఫెర్మిన్‌ని ఒకసారి చూడమన్నానని చెప్పండి. రానంటే, ఉంగరం ఏ లోహమో నాకు తెలుసని చెప్పండి.”

*

స్టేషన్‌లో ఫెర్మిన్ బెంచీ మీద, ముందుకు వేసిన బేడీలతో కూర్చుని ఉన్నాడు. గుమ్మటంలా ఉండే మనిషి. వేళ్ళన్నీ బంతి దెబ్బలకి వంకర్లు తిరిగాయి. కువేవాస్ తన బల్ల వెనక రెండో నారింజ మొదలుపెట్టాడు.

“కెప్టెన్, అతని బేడీలు ఒక్క నిమిషం తీయిస్తారా?”

“ఎందుకు? పారిపోతే మీ కంపెనీ తెచ్చిస్తుందా?”

“పారిపోయేవాడు వచ్చి ఒప్పుకోడు.”

సణుగుతూనే తీయించాడు. నెరేదా బల్ల మీది నారింజ ఒకటి తీసి ఫెర్మిన్ ఒళ్ళో వేసి, గది రెండో మూలకి వెళ్ళి నిలబడింది. “విసురు. నా మొహం మీదికి, గట్టిగా.”

ఫెర్మిన్ అనుమానంగా చూశాడు. తర్వాత పండుని కింది నుంచి, పసివాళ్ళకి వేసినట్టు, మెల్లగా వేశాడు.

“అలాక్కాదు. చెయ్యెత్తి.”

“రాదండీ. భుజం పైకి లేవదు. కుర్రతనంలోనే పోయింది.”

“వీధి చివరిదాకా అందరికీ తెలిసిన సంగతే అది,” అన్నాడు కువేవాస్. “ఐతే ఏంటిట? బ్యాటు ఊపడానికి భుజం ఎత్తక్కర్లేదు.”

“కణత మీద కుట్ల అచ్చు పడాలంటే ఎత్తాలి.”

కువేవాస్ పండు బల్ల మీద కొట్టాడు. “ఇదిగో అంపైరమ్మా! దొంగ ఒప్పుకున్నాడు, సొత్తుగలాయన కాదనలేదు. మధ్యలో మీ గోలేంటి? డబ్బు ఎగ్గొట్టడానికి మీ కంపెనీ ఎవర్ని దొంగని చేద్దామని చూస్తోంది? పేరు చెప్పండి చూద్దాం, ఈ ఊళ్ళో నిలబడి!”

అప్పుడే ఎలాదియో గుమ్మంలోకి వచ్చాడు. కువేవాస్ లేచి నిలబడ్డాడు, తన కుర్చీయే లాగి వేశాడు. ఎలాదియో ఫెర్మిన్‌కి ఎదురుగా కూర్చున్నాడు. చేతులకి మళ్ళీ పడుతున్న బేడీల్ని చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

నెరేదా మొదటినుంచీ అడగడం మొదలుపెట్టింది.

“ఉంగరం ఏం చేశావు ఫెర్మిన్?”

“సముద్రంలో పడేశాను.”

“దొంగిలించినవాడు అమ్ముకుంటాడు గానీ పడేస్తాడా?”

“భయమేసిందండీ.”

“బంతి?”

“అదీ పడేశాను.”

ఎలాదియో తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెం, ఈగని తోలుకున్నట్టు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నెరేదా ఆగి చూసింది. కాసేపటికి మళ్ళీ ఊపాడు. అతను చూస్తున్నది ఫెర్మిన్ మొహాన్ని కాదు. కిందికి, అతని మోకాళ్ళ మధ్యకి చూస్తున్నాడు. ఆవిడ కూడా అటు చూసింది.

ఆటలో పట్టేవాడు గొంతుక్కూర్చుని, కాళ్ళ మధ్య చాటుగా వేళ్ళు చూపిస్తాడు. ఏ బంతి వెయ్యాలో అదే సైగ. విసిరేవాడికి ఇష్టమైతే తల ఊపుతాడు, కాకపోతే అడ్డంగా తిప్పుతాడు. అందరూ వినే చోట ఒక్క మాటైనా లేకుండా ఇద్దరూ మాట్లాడుకుంటారు. బేడీల కింద ఫెర్మిన్ కుడిచెయ్యి నేలవైపు వేలాడుతోంది. నాలుగు వంకర వేళ్ళు తెరిచి ఉన్నాయి.

నాలుగు వేళ్ళంటే అసలు బంతే వెయ్యొద్దని. ఎదురుగా బ్యాటు పట్టుకున్నవాణ్ణి కొట్టనిస్తే ఆట పోతుంది కాబట్టి, కావాలనే వాణ్ణి ఊరికే పరుగు మొదటి మజిలీకి, అంటే మొదటి బేస్‌కి పంపెయ్యమని. ఒకటి వదులుకుని ఆట నిలుపుకోమని.

“నాలుగు వేళ్ళా ఫెర్మిన్?” అంది నెరేదా.

చెయ్యి చటుక్కున మూసుకుంది. కువేవాస్‌కి అర్థమై నోరు తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క ఆటా వదలనివాడు, తన బల్ల ముందే జరిగిన సైగని నారింజ ఒలుచుకుంటూ వదిలేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఒకరు వదిలెయ్యమంటున్నారు, ఇంకొకరు వద్దంటున్నారు,” అంది నెరేదా. “దేన్ని వదలడం ఎలాదియో గారూ? ఇతన్నేగా?”

జవాబు ఫెర్మిన్ నుంచి వచ్చింది.

“నాకు పెళ్ళాం పిల్లలు లేరు డోన్యా. ఆయన పేరున వీధి ఉంది, బడి ఉంది. రేపు ఆ బడి పిల్లలకి ఏం చెప్తారు? సుర్దో ఉంగరం అమ్ముకుని, ఇత్తడిది పెట్టి, దాన్ని తనే దొంగిలించుకున్నాడని చెప్తారా? పొరపాటున జరిగిందండీ. కిటికీ దగ్గర చీకట్లో ఎవరో మీదికొస్తున్నారనుకుని విసిరాడు. మనిషెవరో కూడా చూడలేదు. నాకు ఆ రాత్రే చెప్పి ఏడ్చాడు.” అన్నాక ఏమన్నాడో తెలిసి, పెదవి కొరుక్కున్నాడు.

కువేవాస్ ఎలాదియో వైపు చూశాడు. ఎలాదియో కాదనలేదు. కెప్టెన్ కుర్చీ కోసం వెతుక్కున్నాడు, అది ఎలాదియో కింద ఉంది. ఫోను మోగితే బతికాననుకుని ఎత్తాడు. వింటూ వింటూ అతని మొహానికి మళ్ళీ రంగొచ్చింది.

“లిబోరియో కళ్ళు తెరిచాడు!” అన్నాడు ఫోను పెట్టేసి. “మా కానిస్టేబుల్ పక్కనే ఉన్నాడు. ఎవరు కొట్టారంటే ఫెర్మినే అన్నాడట. బ్యాటుతోనే అన్నాడట. రెండుసార్లు చెప్పించుకున్నాడు మావాడు.”

“ఫెర్మిన్ ఒప్పుకున్నాడని ముందు చెప్పి, తర్వాత అడిగాడా మీవాడు?”

“ఎలా అడిగితే ఏంటి? దెబ్బ తిన్నవాడే చెప్పాక ఇక మీ కుట్లూ మరకలూ ఎవరిక్కావాలి? ఇప్పుడు ఇక్కడ ఎవరేం అన్నారో నేను వినలేదు. మీరూ వినలేదు.”

నెరేదా గోడకి ఆనుకుంది. అతనన్నది నిజమే. జడ్జి ముందు ఆవిడ దగ్గరున్నది ఒక గుడ్డ ముక్క, ఒక ఫోటో. ఎదురుగా ఒప్పుకున్నవాడు ఒకడు, సాక్షి ఒకడు. చావు అంచున కళ్ళు తెరిచిన ముసలివాడు కూడా మొదట చేసిన పని సుర్దో పరువు కాయడం. ఈ ఊరితో ఎలా పోట్లాడాలో ఆవిడకి తెలియలేదు. ఫెర్మిన్ మాత్రం కళ్ళు మూసుకుని, “దేవుడు లిబోరియోని చల్లగా చూడాలి,” అన్నాడు.

“వాడు కూడానా?” అన్నాడు ఎలాదియో.

అందరూ అతని వైపు తిరిగారు.

“వాడికి తెలుసు, నేనేనని. వాడు నన్ను చూశాడు.”

“సుర్దో, ఊరుకో,” అన్నాడు ఫెర్మిన్.

“చూశాడ్రా. నేను కిటికీ ఎక్కి బయటికి రాబోతున్నాను. ‘అదేంటి డోన్ ఎలాదియో, సొంతింట్లో కిటికీలోంచి దూకుతున్నారు, అమ్మగారు తలుపు తియ్యలేదా?’ అని నవ్వాడు. నా పక్కన పగిలిన పెట్టె ఉంది. చేతిలో ఆ ఇత్తడిది ఉంది. అది చూశాడు. నవ్వడం ఆపేశాడు.” ఎలాదియో ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. “అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది. వాడు తల దించుకున్నాడు. నన్ను అలా చూడటానికి సిగ్గుపడి, ఏమీ చూడనట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోబోయాడు. నా ఇంట్లో జీతం తీసుకునేవాడు నా బదులు సిగ్గుపడ్డాడు. నేను భరించలేకపోయాను. బంతి అప్పుడు తీశాను.”

కువేవాస్ చేతిలోని నారింజ తొక్కల్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఈసారి వినలేదనడానికి అతనికి నోరు రాలేదు.

ఫెర్మిన్ ఎలాదియో వైపు తిరిగాడు.

“చీకట్లో ఎవరో అనుకున్నానన్నావు నాతో.”

“చెప్పడానికి సిగ్గేసింది.”

“పదమూడేళ్ళు పెద్ద లీగులో ఆడావు. పొరపాటున ఒక్కడికి కూడా బంతి తగిలించలేదు నువ్వు. పాకల్లో ఉన్నప్పుడే నేనెక్కడ గ్లవ్ పెడితే అక్కడికే వచ్చేది.” ఫెర్మిన్ ముందుకి వంగాడు. “ఆదివారం ఎక్కడ చూసి విసిరావు?”

ఎలాదియో తల ఎత్తలేదు.

ఫెర్మిన్ లేచి, కెప్టెన్ దగ్గరికి నడిచి, బేడీలున్న చేతుల్ని బల్ల మీద పెట్టాడు.

“ఇవి తియ్యండి సార్. వాడు విసిరింది పట్టడం ఇక నావల్ల కాదు.”